మాస్టారి లెక్కల అరుగు: ఒక చుక్క, ఒక వాలు

పిల్లలూ!

క్రిందటి నెల నేనిచ్చిన గుడిమెట్ల లెక్క మీకు గుర్తున్నదా? ఒక్కొక్క మెట్టు 15 సెంటీమీటర్ల ఎత్తు, 30 సెంటీమీటర్ల వెడల్పు. నలభై మెట్లు ఎక్కినవాడు నేలనుంచి ఎంత ఎత్తున ఉంటాడు, ఎంత ముందుకు జరిగి ఉంటాడు అని అడిగాను. జవాబు: ఆరు మీటర్ల ఎత్తున ఉంటాడు, పన్నెండు మీటర్లు ముందుకు జరుగుతాడు. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఒక మెట్టు ఎక్కినా, నాలుగు మెట్లు ఎక్కినా, నలభై ఎక్కినా, ఎక్కిన ఎత్తు ఎప్పుడూ నడిచిన దానిలో సగమే. మెట్లన్నీ ఒక్క తీరున ఉన్నంతవరకూ ఈ సగం మారదు.

ఈ మారని దానికే లెక్కల్లో వాలు అని పేరు. ఈ నెల దాన్ని గురించే చెప్పుకుందాం. అయితే ముందుగా నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పాలి. మాస్టార్లు తప్పు చెయ్యరని మీరు అనుకుంటూ ఉంటారు కాబోలు. చేస్తారు. ఎర్రసిరాతో మరీ చేస్తారు.

అది 1987వ సంవత్సరం. విజయనగరం జిల్లా శృంగవరపుకోట దగ్గర ఒక పల్లెలో లెక్కల మాస్టారుగా పనిచేస్తున్నాను. మూడు నెలల పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చాను: "(2, 1) అనే బిందువు గుండా ఒక సరళరేఖ పోతున్నది. దాని వాలు 2/3. ఆ రేఖ మీద ఇంకా మూడు బిందువులు కనుక్కోండి." అయిదు మార్కులు. నేను రాసి పెట్టుకున్న జవాబు: (5, 3), (8, 5), (11, 7).

ఒక కుర్రవాడు ఇలా రాశాడు: (-1, -1), (-4, -3), (20, 13).

ఆ రోజు నా ముందు డెబ్బై పేపర్లున్నాయి. నా జవాబుతో ఒక్కటీ కలవలేదు. మూడింటినీ అడ్డంగా కొట్టి సున్నా వేశాను. వాడికి మొత్తం ముప్పై ఒకటి వచ్చాయి. పాసుకు ముప్పై అయిదు కావాలి.

ఆ పిల్లవాడు నన్ను ఏమీ అడగలేదు. అడగడం ఆ రోజుల్లో అలవాటు లేదు. ప్రోగ్రెస్ కార్డు తీసుకొని ఇంటికి పోయాడు. మర్నాడు సంతకం చేసిన కార్డుతో పాటు వాడి తండ్రే వచ్చాడు. ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్. కొత్తవలస నుంచి కిరండూలు పోయే లైనులో పట్టాలు సరిచూసే పని. తలపాగా తీసి చేత పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు.

"బాబూ, లెక్కలు రానోడికి సదువెందుకు, మాయెంట పన్లోకి రా అన్నాను. మావోడు ఏడుత్తన్నాడు. రాసింది తప్పు కాదంతన్నాడు. నాకు సదువు రాదు. ఏటి తప్పో ఓపాలి సూపించండి బాబూ" అన్నాడు.

నేను పేపరు తీశాను. కుర్రవాణ్ణి పిలిచి, సుద్దముక్క చేతికిచ్చి, "ఇవి ఎక్కణ్ణుంచి తెచ్చావురా?" అని అడిగాను.

వాడు నల్లబల్ల మీద ఏటవాలుగా ఒక గీత గీశాడు. మధ్యలో ఒక చుక్క పెట్టాడు. "ఇది పట్టా అనుకోండి మాస్టారూ. ఈ చుక్క దగ్గర మనం నిలబడ్డాం. ముందుకు మూడు అడుగులు నడిస్తే రెండు ఎక్కుతాం. వెనక్కి మూడు నడిస్తే రెండు దిగుతాం. దిగినా పట్టా మీదే ఉన్నాం గదా!" అన్నాడు.

నేను గీత కేసి చూస్తూ ఉండిపోయాను. తండ్రికి సగం అర్థమయింది కాబోలు, "అదేటి బాబూ, బండి కొండెక్కుతాది, మరల దిగుతాది. ఎక్కిన పట్టా ఒకటీ, దిగిన పట్టా ఒకటీ ఉంతాదేటి?" అన్నాడు.

వాడు రాసిన మూడూ సరైనవే! పరీక్ష పేపరు మీద సున్నా కొట్టేసి అయిదు వేశాను. మర్నాడు తరగతిలో అందరిముందూ నా తప్పు చెప్పి, ఆ లెక్క వాడి చేతనే చెప్పించాను. ముప్పై ఆరు మార్కులతో వాడు బళ్ళోనే ఉన్నాడు. నా బుద్ధికి కూడా ఆ రోజు కొన్ని మార్కులు కలిశాయి.

ఇప్పుడు వాడు చెప్పిన లెక్కనే మనం మొదటినుంచీ నేర్చుకుందాం. గళ్ళ కాగితం ఒకటి తెచ్చుకోండి.

రెండు అంకెలు, ఒక చుక్క

కాగితం మీద ఒక చుక్క ఎక్కడున్నదో చెప్పాలంటే రెండు అంకెలు చాలు. మొదటిది, అడ్డంగా ఎన్ని గళ్ళు పోవాలో చెబుతుంది. రెండవది, నిలువుగా ఎన్ని గళ్ళు ఎక్కాలో చెబుతుంది. (2, 1) అంటే కుడివైపుకు రెండు గళ్ళు నడిచి, ఒక గడి పైకి ఎక్కడం. మైనస్ గుర్తు ఉంటే ఎడమకు నడవాలి, లేదా కిందికి దిగాలి. ఈ అంకెల జతనే నిరూపకాలు అంటారు. రేఖాగణితాన్ని ఇలా అంకెలతో పట్టుకోవచ్చునని చూపిన గ్రంథాన్ని ఫ్రెంచి దేశస్థుడు రెనే డెకార్ట్ 1637లో అచ్చువేయించాడు.

ఇక వాలు సంగతి. రోడ్డు ఎగుడు దిగుడుగా ఉన్నది అంటాం గదా! ఆ మాటలనే మనం వాడుకుందాం. అడ్డంగా పోయినదాన్ని నడక అందాం, పైకి ఎక్కినదాన్ని ఎగుడు అందాం. ఎగుడును నడకతో భాగిస్తే వచ్చేదే వాలు. వాలు 2/3 అన్నారంటే, పైనున్న లవం 2 ఎగుడు, కిందనున్న హారం 3 నడక. మూడు గళ్ళు నడిస్తే రెండు గళ్ళు ఎక్కాలన్నమాట.

ఇప్పుడు (2, 1) దగ్గర పెన్సిలు పెట్టండి. మొదటి అంకెకు 3 కలపండి, రెండవదానికి 2 కలపండి. (5, 3) వస్తుంది. మళ్ళీ అలాగే చేస్తే (8, 5), ఆపైన (11, 7). వెనక్కి పోవాలంటే రెండింటిలోంచీ తీసివేయాలి. 2లోంచి 3 పోతే -1, 1లోంచి 2 పోతే -1. అదే (-1, -1). ఇంకొకసారి తీసివేస్తే (-4, -3). స్కేలు పెట్టి చూడండి. అన్నీ ఒకే గీత మీద వరుసగా కనబడతాయి.

వెనక్కి నడిచి, దిగినా వాలు మారలేదేమని మీరు అడగవచ్చు. నడక -3, ఎగుడు -2. ఈ రెండింటినీ భాగిస్తే మైనస్‌లు రెండూ కొట్టుకుపోయి 2/3 మిగులుతుంది. గ్యాంగ్‌మన్ చెప్పినదీ ఇదే. బండి ఎటు పోయినా పట్టా ఒకటే.

తప్పులు ఎక్కడ పడతాయి?

ముప్పై ఏళ్ళకు పైగా పేపర్లు దిద్దినవాణ్ణి కనక, ఎక్కడ కాలు జారుతుందో నాకు తెలుసు.

మొదటిది, లవాన్నీ హారాన్నీ తారుమారు చేయడం. రెండు నడిచి మూడు ఎక్కితే (4, 4) వస్తుంది. అది వాలు 3/2 ఉన్న వేరే రేఖ. మన దానికంటే బాగా నిటారుగా ఉంటుంది.

రెండవది, ఒక అంకెకు కలిపి, రెండవదానిలోంచి తీసివేయడం. మూడు ముందుకు పోయి రెండు దిగితే (5, -1). అది ముందుకు పోయేకొద్దీ దిగిపోయే రేఖ. దాని వాలు -2/3. వాలుకు మైనస్ ఉంటేనే అలా చేయాలి. ఇంట్లో స్నానాలగది నేల చూడండి. నీళ్ళు తూముకు పోవాలని తాపీమేస్త్రి దానికి వాటం ఇస్తాడు. గోడనుంచి తూము వైపు నడిచేకొద్దీ నేల దిగుతుంది. వంద సెంటీమీటర్లకు ఒక సెంటీమీటరు దిగితే ఆ వాలు -1/100. గోడనుంచి మూడు మీటర్ల దూరంలో తూము ఉంటే, అక్కడ నేల మూడు సెంటీమీటర్లు దిగి ఉండాలి. నడుమ ఒకటిన్నర మీటరు దగ్గర ఒకటిన్నర సెంటీమీటరు దిగాలి. ఆ నడిమి చోటు తప్పితే నీళ్ళు అక్కడే నిలుస్తాయి. మీ అమ్మ చేత మేస్త్రి చీవాట్లు తింటాడు.

మూడవది, వాలు పూర్ణసంఖ్య అయితే తికమక పడటం. వాలు 3 అంటే 3/1. ఒకటి నడిచి మూడు ఎక్కాలి. 0.4 అంటే 4/10, అంటే 2/5. అయిదు నడిచి రెండు ఎక్కాలి. వాలు సున్నా అయితే ఎంత నడిచినా ఎక్కేది లేదు. మేస్త్రి రసమట్టంలో బుడగ సరిగ్గా నడుమ నిలుస్తుందే, అలాంటి గీత. ఇక బావిలోకి వేలాడే చేదతాడు నిలువుగా ఉంటుంది. దానికి నడకే లేదు. సున్నాతో భాగించకూడదు కనక దానికి వాలు చెప్పలేము.

చుక్కలన్నీ పెట్టాలా?

మన రేఖ మీద అడ్డు అంకె 50 అయినచోట నిలువు అంకె ఎంత? ఒక్కొక్క చుక్కా పెట్టుకుంటూ పోతే కాగితం చాలదు. లెక్కతో పోదాం. 2 నుంచి 50కి నడక 48. మూడేసి గళ్ళు ఒక అంగ అనుకుంటే 48లో 16 అంగలు. అంగకు రెండు చొప్పున ఎగుడు 32. మొదట ఉన్న 1 కలిపితే 33. కనక బిందువు (50, 33). ఆ కుర్రవాడు (20, 13) పట్టుకున్నది ఈ విధంగానే. నడక 18, ఆరు అంగలు, ఎగుడు 12.

అంగ పూర్తిగా వేయనక్కరలేదు కూడా. సగం అంగ వేస్తే నడక ఒకటిన్నర, ఎగుడు ఒకటి. అప్పుడు వచ్చేది (3½, 2). అదీ రేఖ మీదే ఉంటుంది. ఇలా ఎంత చిన్న అంగ అయినా వేయవచ్చు కనక, రేఖ మీద బిందువులకు అంతు లేదు. "ఇంకా మూడు బిందువులు కనుక్కోండి" అన్న నా ప్రశ్నకు లెక్కలేనన్ని సరైన జవాబులున్నాయి. నేను రాసి పెట్టుకున్నది వాటిలో ఒక్కటే. ఆనాడు నేను మరచిపోయినది ఇదే.

మరి జవాబు సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? జవాబుల పుస్తకంతో పోల్చి కాదు, వాలుతో పరీక్షించి. (14, 10) మన రేఖ మీద ఉన్నదా? నడక 12, అంటే నాలుగు అంగలు. ఎగుడు ఎనిమిది ఉండాలి. ఉన్నది తొమ్మిది. కనక ఆ చుక్క రేఖకు ఒక గడి పైన ఉన్నది. లెక్క తప్పు.

అరవైకి ఒకటి

ఇప్పుడు ఆ గ్యాంగ్‌మన్ పనిచేసిన లైను చూద్దాం. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు తేవడానికి కొత్తవలస-కిరండూలు రైలుమార్గాన్ని 1960లలో వేశారు. అరకు పోయిన పిల్లలు ఆ బండి ఎక్కే ఉంటారు. కొత్తవలస, శృంగవరపుకోట, బొడ్డవర దాటాక కొండలు మొదలవుతాయి. బొర్రా గుహలు దాటి పైకి పోతే శిమిలిగుడ స్టేషను వస్తుంది. అది సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్నది. మన దేశంలోని బ్రాడ్ గేజి స్టేషన్లన్నింటిలో అదే ఎత్తయినదని ఒకప్పుడు పేరు.

ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారుతుంది. కనక రైలు మన గుడిమెట్లలాగా రెండుకి ఒకటి ఎక్కలేదు. ఈ ఘాట్ భాగంలో వాలు 60కి 1. అరవై మీటర్లు పోతే ఒక్క మీటరు ఎక్కుతుంది. పట్టా పక్కన అక్కడక్కడ రెండు చేతులు చాచినట్టు స్తంభాలుంటాయి. వాటిని గ్రేడియంట్ పోస్టులంటారు. చేతి మీద 60 అని ఉంటే ఆ వైపు వాలు 60కి 1 అని గుర్తు. చెయ్యి పైకి లేచి ఉంటే ఎగుడు, కిందికి వాలి ఉంటే దిగుడు. ఇంజను డ్రైవరుకు అదే పాఠ్యపుస్తకం.

మాట వరసకు ఒక పోస్టు దగ్గర పట్టా ఎత్తు 300 మీటర్లనుకోండి. ముందుకు వాలు 60కి 1. 600 మీటర్లు పోతే పది అంగలు, ఎత్తు 310. 1500 మీటర్లు పోతే ఇరవై అయిదు అంగలు, ఎత్తు 325. మూడు కిలోమీటర్లు పోతే 350. పోస్టుకు వెనక కూడా అదే వాలు ఉంటే, 900 మీటర్ల వెనక ఎత్తు 285. కొండ ఎక్కకుండా, టేపు పట్టకుండా, ఒక ఎత్తు, ఒక వాలు తెలిస్తే ఇదంతా కాగితం మీదే తేలిపోయింది.

ఇంకొక లెక్క చూడండి. సముద్రమట్టం నుంచి 60కి 1 చొప్పున ఎక్కడా ఆగకుండా ఎక్కితే, 996 మీటర్ల ఎత్తు చేరడానికి ఎంత దూరం పోవాలి? 996ను 60తో హెచ్చిస్తే 59,760 మీటర్లు. దాదాపు 60 కిలోమీటర్లు! రైలుమార్గం కొండల పక్కగా వంకలు తిరుగుతూ, సొరంగాల్లో దూరుతూ ఎందుకు పోతున్నదో ఇప్పుడు తెలిసిందా? ఎక్కవలసిన ఎత్తుకు తగినంత నడక సంపాదించుకోవడానికి.

తెలివైన పిల్లలు ఇక్కడ ఒక సందేహం అడగాలి. "పట్టా వంకర టింకరగా ఉంటే సరళరేఖ ఎలా అయింది మాస్టారూ?" అని. మంచి ప్రశ్న. పట్టా వెంట పోయిన దూరాన్ని అడ్డంగా, ఎత్తును నిలువుగా పెట్టి బొమ్మ గీస్తే, వాలు మారనంత మేర అది సరళరేఖే. పట్టా పొడవుకూ, అడ్డంగా కొలిచిన దూరానికీ కొంచెం తేడా ఉంటుంది. కాని 60కి 1 వాలు మీద అది అరవై మీటర్లకు సుమారు 8 మిల్లీమీటర్లే. మన లెక్కకు అది అడ్డురాదు.

కాని ఒక్క హెచ్చరిక. ఇంకొక గ్రేడియంట్ పోస్టు వచ్చిందంటే అక్కడ వాలు మారిందన్నమాట. స్టేషన్లలో పట్టాలు దాదాపు సమంగా ఉంటాయి. లేకపోతే నిలిపిన పెట్టెలు వాటంతట అవే దొర్లిపోతాయి. బ్రాడ్ గేజి స్టేషన్లలో సాధారణంగా 400కి 1 కంటే ఎక్కువ వాలు ఉండకూడదని నియమం. కనక 60కి 1 అని లెక్కవేస్తూ స్టేషను దాటిపోతే, మీ కాగితం మీది బండి గాలిలోకి ఎగిరిపోతుంది! వాలు మారినచోట ఆగి, ఆ చోటినే కొత్త చుక్కగా తీసుకొని, కొత్త వాలుతో లెక్క మొదలుపెట్టాలి.

పోస్టులు చూడాలని పట్టాల మీదికి పోకండి. అది ప్రమాదం, నేరం కూడా. బండిలో కూర్చుని కిటికీలోంచి చూడండి, చాలు.

వచ్చే నెలకు లెక్కలు

1. (1, 4) గుండా పోయే రేఖ వాలు 3/2. ముందుకు మూడు, వెనక్కి రెండు బిందువులు కనుక్కోండి.

2. (0, 10) గుండా పోయే రేఖ వాలు -2/5. అది ఏ బిందువు దగ్గర నేలకు, అనగా నిలువు అంకె సున్నాకు, దిగుతుంది?

3. (2, 1) గుండా పోయే మన రేఖ మీద (17, 11), (10, 7), (-7, -5), (26, 17) ఉన్నాయని ఒకడు అన్నాడు. వీటిలో ఒకటి దారి తప్పింది. ఏది?

4. ఇది శ్రీకాకుళం పిల్లలకు ప్రత్యేకం. వంశధార మీద గొట్టా బ్యారేజి నుంచి కాలువలో నీళ్ళు మీ పొలాలకు వాలు మీదే వస్తాయి. మాట వరసకు ఒక కాలువ అడుగు మొదట్లో 30 మీటర్ల ఎత్తున ఉన్నదనీ, 5000 మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగుతున్నదనీ అనుకోండి. 10 కిలోమీటర్ల దగ్గర అడుగు ఎంత ఎత్తున ఉంటుంది? 28½ మీటర్ల ఎత్తు ఎక్కడ వస్తుంది?

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడి జవాబు పుస్తకంలోని జవాబుతో కలవకపోతే వెంటనే తప్పనకండి. "ఎలా వచ్చింది?" అని ఒక్కసారి అడగండి. తప్పయితే చెప్పేటప్పుడు వాడికే తెలిసిపోతుంది. ఒప్పయితే మనకు తెలుస్తుంది. ఆనాడు ఆ తండ్రి నా గుమ్మంలోకి వచ్చి అడగకపోతే, ఒక ఎర్రగీత ఒక పిల్లవాడి చదువును ఆపేసి ఉండేది.

మొదటి లెక్కకు మీ జవాబులు మీ స్నేహితుడి జవాబులతో కలవకపోయినా కంగారుపడకండి. ఇద్దరూ వాలుతో పరీక్షించుకోండి. వచ్చే నెల కలుసుకుందాం.

మీ
లెక్కల మాస్టారు